ఇవ్వకపోతే ఎవరినడగాలి?

ఐపీఎల్ మొదలైందంటే సూర్యాపేట బస్టాండు దగ్గరి టీ కొట్లలో, కోదాడ హైవే దాబాల్లో, మిర్యాలగూడ మిల్లుల ముందు లారీలు లోడు కోసం ఆగే చోట ఒక ప్రశ్న తరచూ వినపడుతుంది. "అన్నా, ఏ ఐడీ నమ్మొచ్చు?" బెట్టింగ్ మంచిదా చెడ్డదా అన్నది ఆ కుర్రాడి ప్రశ్న కాదు. ఆ పాఠం ఇంట్లోనూ కాలేజీలోనూ వినీ వినీ విసిగిపోయి ఉంటాడు. గెలిస్తే పైసలు చేతికొస్తాయా రావా అన్నదొక్కటే అతను తెలుసుకోవాలనుకుంటున్నది. డబ్బు పెట్టేవాడు అడగాల్సిన ప్రశ్నే అది. దానికి నీతిబోధ చేసి పంపితే ఆ కుర్రాడు ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు, ఆ ఇంకొకరు చాలాసార్లు ఐడీలు అమ్మే ఏజెంటే అవుతాడు. అందుకే ఈ ప్రశ్నను అడిగినవాడి వైపు నుంచే చూడాలి. ఏ ఆనవాళ్లు చూసి జనం సైట్లను నమ్ముతున్నారు, వాటిలో నిలబడేవి ఎన్ని, నమ్మకానికి అసలు ఆధారం ఎక్కడుంటుంది అన్నవి ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

ముందు ఈ మూడు ఊళ్లలో వ్యాపారం నడిచే తీరు. ఇక్కడ సైటు అంటే ఎవరో గూగుల్‌లో వెతికి తెరిచేది కాదు. స్నేహితుడు ఒక వాట్సాప్ నంబరు ఇస్తాడు. దానికి 'హాయ్' అని పెడితే క్యూఆర్ కోడో బ్యాంకు ఖాతా నంబరో వస్తుంది. కొన్ని వందలు వేసి స్క్రీన్‌షాట్ పంపితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వస్తాయి. దాన్నే ఐడీ అంటారు. లోపలికి వెళ్తే రూపాయలుండవు, పాయింట్లుంటాయి. ఆ పాయింట్లు ఎక్కించేదీ దించేదీ ఏజెంటు. అతని పైన మాస్టర్, ఆ పైన సూపర్ మాస్టర్. కుర్రాడు ఏ ఓవర్లో ఎంత పెట్టాడో వాళ్ల ప్యానెల్లో కనపడుతూనే ఉంటుంది. ఐడీని ఆపాలన్నా, పెట్టిన పందేన్ని రద్దు చేయాలన్నా వాళ్ల వేలి కిందే ఉంది.

తెర మీద ఫేవరెట్ జట్టు పక్కన 55–57 అని రేటు నడుస్తుంటుంది. దీన్ని పాత బుకీల కాలం నుంచీ పైసల్లోనే చెప్పుకుంటారు. ఫేవరెట్ మీద లగాయి చేస్తే వందకు 55 వస్తుంది. ఖాయి చేస్తే, అంటే ఎదుటి జట్టు వైపు నిలబడితే, 57 పెట్టి వంద గెలవాలి. రెండంకెల మధ్య తేడా చిన్నదే, చూసినవాడికి న్యాయంగానే అనిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజమూ ఉంది. కానీ కుర్రాళ్ల డబ్బంతా మ్యాచ్ రేటు దగ్గర ఆగదు. ఆరు ఓవర్లకు ఎన్ని పరుగులు, ఈ బ్యాటర్ ఎంత కొడతాడు, తర్వాతి బంతికి ఏమవుతుంది అనే సెషన్, ఫ్యాన్సీ పందేల్లోకి పోతుంది. అక్కడ అంకె నిర్ణయించేది ప్యానెల్ నడిపేవాడే, పందెం ఎప్పుడు ఆపాలో నిర్ణయించేదీ వాడే. వికెట్ పడిన మరుక్షణం తెర బిగుసుకుపోతే అది సిగ్నల్ తప్పా, కావాలని ఆపారా అన్నది తేల్చే మనిషి లేడు.

ఏజెంటు మన వీధివాడే అయి ఉంటాడు. "తెలిసినోడు, మోసం చెయ్యడు" అన్న ధైర్యం అక్కడినుంచే వస్తుంది. ఆ తెలిసినవాడికి జీతం ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌కి చెందిన సౌరభ్ చంద్రాకర్, రవి ఉప్పల్ దుబాయ్ నుంచి నడిపారని చెబుతున్న మహదేవ్ బుక్ అనే బెట్టింగ్ యాప్ కేసులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఈ లెక్కను బయటపెట్టింది. ఊరూరా ప్యానెళ్లను బ్రాంచీల్లా పంచి, లాభాన్ని 70–30 వాటాల్లో పంచుకునేవారని ఆ సంస్థ చెప్పింది. లాభం అంటే ఆడినవాడు పోగొట్టుకున్నదే. కాబట్టి వాటా మీద పనిచేసే ఏజెంటుకు కుర్రాడు గెలిచిన రోజు నష్టం, ఓడిన రోజు ఆదాయం. అతను మనసులో మంచివాడే కావచ్చు, ఆపదలో ఆస్పత్రికీ తీసుకెళ్లొచ్చు. అయినా ఈ లావాదేవీలో అతను ఉన్నది అవతలి పక్షాన.

పెద్ద మొత్తం గెలిచినప్పుడు సంభాషణ ఇలా నడుస్తుంది.

"అన్నా, విత్‌డ్రా పెట్టి రెండ్రోజులైంది. పైసలు పడలే."

"సర్వర్ ఇష్యూ ఉంది తమ్మీ. పొద్దుగాల పడతయ్."

"నిన్న గూడ గదే అంటివి గదన్నా."

"పైనోళ్లు చెక్ చేస్తున్నరు. అందాక ఆ పాయింట్లతోటే ఆడుకో, ఏడికి పోవు."

మూడో మాటకు ఫోను ఎత్తడు, నాలుగో మాటకు నంబరే మారిపోతుంది. అందులోని 'అందాక ఆడుకో' అన్న మాటను గమనించాలి. డబ్బు ఇవ్వకుండా ఆపిన ప్రతి గంటా ఆ గెలుపు మళ్లీ ఓటమిగా మారే అవకాశమే, ఆ సంగతి ఏజెంటుకు బాగా తెలుసు.

ఇక జనం నమ్మే ఆనవాళ్లు. అన్నిటికన్నా బలమైంది మొదటి చెల్లింపు. ఐదు వందలు పెట్టాను, తొమ్మిది వందలు పది నిమిషాల్లో వచ్చాయి, కాబట్టి సైటు అసలుదే అంటారు. చిన్న మొత్తాలు వెంటనే ఇవ్వడం నిజాయితీకి రుజువు కాదు. పెద్ద మొత్తం తెప్పించుకోవడానికి అదే అన్నిటికన్నా చవకైన ఖర్చు. ఒక సైటును పరీక్షించాలంటే అది తొమ్మిది వందలు ఇచ్చిందా అని చూస్తే చాలదు. లక్షన్నర ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తుందో చూడాలి, ఆ పరీక్షకు కుర్రాడు తన డబ్బే పణంగా పెట్టాలి.

రెండోది పేరు. 2023 నవంబరులో ఈడీ కోరిక మీద కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 22 బెట్టింగ్ యాప్‌లను, సైట్లను నిలిపేసింది. ఆ ప్రకటనలో మహదేవ్ బుక్ తర్వాత పేరెత్తి చెప్పింది 'రెడ్డిఅన్నప్రెస్టోప్రో'ని. మన ఇంట్లో పిలుచుకునే పిలుపును అంత పెద్ద దందా పేరుగా పెట్టుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను. తెలుగువాడు అన్న అన్నవాడిని తొందరగా అనుమానించడు.

మూడోది ప్రకటనలు, తారల ముఖాలు. 2022 అక్టోబరులోనే సమాచార ప్రసార శాఖ ఫెయిర్‌ప్లే, పరిమ్యాచ్, బెట్‌వే, వూల్ఫ్777, వన్ఎక్స్‌బెట్ పేర్లు చెప్పి, ఇవి వార్తా సైట్ల ముసుగులో బెట్టింగ్ ప్రచారం చేసుకుంటున్నాయని టీవీలను హెచ్చరించింది. 2025 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ యూట్యూబర్ల మీద, సినీ నటుల మీద కేసులు పెట్టారు. రానా, విజయ్ దేవరకొండ, ప్రకాశ్‌రాజ్ పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. చట్టం అనుమతించిన నైపుణ్యపు ఆటలకే ప్రచారం చేశామని కొందరు, ఎప్పుడో మానేశామని కొందరు చెప్పుకున్నారు. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న వీసీ సజ్జనార్ ఈ ప్రచారాల మీద సోషల్ మీడియాలో గట్టిగా పోరాడారు. ఆ నెలాఖరులోనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో వన్ఎక్స్‌బెట్ కేసులో సురేశ్ రైనా, శిఖర్ ధావన్‌లకు చెందిన 11 కోట్ల రూపాయలకు పైగా ఆస్తులను ఈడీ జప్తు చేసింది. ఈ వరుసలో మన ప్రశ్నకు పనికొచ్చేది ఒకటే. ప్రచారం చేసిన మనిషి సైటు చెల్లింపులకు హామీదారు కాడు. కుర్రాడి డబ్బు ఆగిపోతే ఆ నటుడి ఇంటికి వెళ్లి అడిగే హక్కు అతనికి లేదు.

నాలుగోది 'టాప్ టెన్ సైట్లు' అంటూ నక్షత్రాలు వేసే సమీక్షలు. అలాంటి పేజీలు చాలావరకు అఫిలియేట్ ఒప్పందాల మీద బతుకుతాయి. వాళ్ల లింకు నొక్కి చేరినవాడు ఓడే సొమ్ములో కొంత శాతం సమీక్ష రాసినవాడికి వెళ్తుంది. టెలిగ్రామ్‌లో 'పక్కా ప్రిడిక్షన్' ఇచ్చేవాళ్లదీ ఇదే బతుకు, వాళ్ల దగ్గర ఇంకో ఎత్తు కూడా ఉంది. ఎనిమిది వందల మందిలో సగానికి ఒక జట్టు, సగానికి ఇంకో జట్టు గెలుస్తుందని పంపుతారు. గెలిచిన సగాన్ని మళ్లీ రెండు చేస్తారు. నాలుగు మ్యాచ్‌లయ్యేసరికి యాభై మందికి ఆ మనిషి వరసగా నాలుగుసార్లు నిజం చెప్పినవాడుగా కనపడతాడు. ఆ యాభై మందే అతను చెప్పిన ఐడీలో పెద్ద డబ్బు వేస్తారు.

చదువుకున్నవాళ్లు అడిగే ఆనవాలు లైసెన్సు. దీన్ని తేలిగ్గా కొట్టేయలేం, కాసేపు ఆగాలి. సైటు అడుగున చిన్న ముద్ర, ఒక నంబరు, కురసావ్ అనే పేరు ఉంటాయి. కురసావ్ కరీబియన్ సముద్రంలో నెదర్లాండ్స్ రాజ్యానికి చెందిన చిన్న ద్వీపం. 1990ల నుంచి అక్కడ నాలుగు కంపెనీల చేతుల్లో మాస్టర్ లైసెన్సులుండేవి. అవి సబ్‌లైసెన్సులు అమ్ముకునేవి. ఆడేవాడి ఫిర్యాదు చివరికి లైసెన్సు అమ్మిన కంపెనీ దగ్గరికే వెళ్లేది. ఆ పద్ధతిని మార్చే కొత్త చట్టం 2024 డిసెంబరులో వచ్చింది. అది బాగుపడుతుందనే అనుకుందాం. అయినా మన చట్టం నేరమన్న వ్యాపారాన్ని మన ఊళ్లో చేయడానికి ఆ ద్వీపం ఇచ్చిన కాగితం అనుమతి కాలేదు. పైగా తెర మీద ముద్ర బొమ్మ అతికించడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, బొమ్మ ఉంటే చాలు.

నిజమైన లైసెన్సు అంటే ఏమిటో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. 2005 నాటి జూద చట్టం కింద అక్కడ గ్యాంబ్లింగ్ కమిషన్ ఉంది. ఏ కంపెనీ ఏ వెబ్ చిరునామా నుంచి వ్యాపారం చేస్తుందో దాని పబ్లిక్ రిజిస్టర్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కంపెనీ దివాలా తీస్తే ఆటగాళ్ల డబ్బుకు రక్షణ లేదా, మధ్యస్థంగా ఉందా, గట్టిగా ఉందా అన్నది ముందే చెప్పాలి. తగాదా వస్తే కంపెనీతో సంబంధం లేని మధ్యవర్తి దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కట్టడం కుదరదు. 'నన్ను ఆపండి' అని ఒకసారి నమోదు చేసుకుంటే లైసెన్సున్న ఆన్‌లైన్ సైట్లన్నీ తలుపు మూయాలి. ఇంత ఉన్నా 2021 మార్చిలో ఫుట్‌బాల్ ఇండెక్స్ అనే లైసెన్సున్న సైటు కుప్పకూలి వేలమంది డబ్బు ఇరుక్కుపోయింది. కమిషన్ ఆలస్యంగా మేల్కొందని తర్వాత జరిగిన విచారణ తప్పు పట్టింది. ఇంత కాపలా ఉన్న చోటే అలా జరిగితే, ఏ కాపలా లేని వాట్సాప్ ఐడీకి లైసెన్సు ముద్ర ఏపాటి భరోసా?

అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఈ తేడా అనుభవమే. 2018 మేలో అక్కడి సుప్రీంకోర్టు క్రీడల బెట్టింగును రాష్ట్రాలకు వదిలేసింది. న్యూజెర్సీలో ఉంటున్న కోదాడ అబ్బాయికి సైటుతో తగాదా వస్తే రాష్ట్ర గేమింగ్ విభాగానికి ఫారం నింపి పంపొచ్చు. టెక్సస్‌లోని డాలస్‌లో ఉన్న అతని తమ్ముడికి ఆ దారి లేదు, అక్కడ దాన్ని అనుమతించలేదు. మనిషి నిలబడ్డ చోటును బట్టి అతని డబ్బుకున్న రక్షణ మారిపోతుంది.

అలాంటప్పుడు సూర్యాపేటలో నిలబడ్డవాడి సంగతేంటి? 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ పందెపు ఒప్పందం చెల్లదంటుంది. పందెంలో గెలిచిందని చెప్పే సొమ్ము కోసం దావా వేయడం కుదరదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. గుర్రప్పందేల బహుమతులకు మాత్రం ఒక చిన్న మినహాయింపుంది. అంటే ఏ సైటయినా గెలిచిన డబ్బు ఎగ్గొడితే సూర్యాపేట కోర్టులో దాన్ని రాబట్టుకునే దారి మూసే ఉంది.

దాని మీద రాష్ట్ర చట్టం. పేకాటలో మనవాళ్ల కేసే దేశానికి దారి చూపింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన ఆ కేసు తీర్పును దశాబ్దాలపాటు గేమింగ్ కంపెనీలన్నీ గొడుగులా పట్టుకున్నాయి. తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆ గొడుగు తీసేసింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. కాబట్టి కోదాడ దాటి సరిహద్దు అవతల జగ్గయ్యపేటలో ఫోను తీసినా చట్టం మారదు. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించి, 22న రాష్ట్రపతి సంతకం పెట్టిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే పక్కనపెట్టింది. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు చేరవేసే సంస్థలకూ మూడేళ్ల వరకు జైలుంది. ఆ దెబ్బకు ఫ్యాంటసీ ఆటల కంపెనీ డ్రీమ్11 డబ్బు పోటీలు మానేసి, భారత క్రికెట్ జట్టు జెర్సీ మీదినుంచి కూడా తప్పుకుంది. ఆ చట్టాన్ని కంపెనీలు కోర్టుల్లో సవాలు చేశాయి.

ఈ చట్టాలన్నీ సరిగ్గా అమలవుతున్నాయా, నిషేధం వ్యాపారాన్ని చీకట్లోకి నెట్టిందా అన్నది వేరే పెద్ద చర్చ. నెట్టిందనే వాదనలో బలముందని నా అభిప్రాయం. మూసిన సైటు మర్నాడే పేరు చివర ఒక అంకె మార్చుకుని తెరుచుకోవడం ఐడీలు వాడేవాళ్లందరూ చూసిందే. అయితే కుర్రాడి ప్రశ్నకు ఆ చర్చతో పనిలేదు. ఇక్కడ నియంత్రించే సంస్థ లేదు, రిజిస్టర్ లేదు, మధ్యవర్తి లేడు, కోర్టు లేదు. ఇవ్వకపోతే అడిగే చోటే లేనప్పుడు ఏ ఐడీ మంచిది అన్న ప్రశ్నకు మంచి జవాబంటూ ఉండదు. ఇంతవరకూ ఇస్తున్నది, ఇంకా ఎగ్గొట్టనిది అన్నంతవరకే చెప్పగలం.

ఇచ్చిన డబ్బుతో వచ్చే చిక్కు గురించి తక్కువమంది మాట్లాడతారు. విత్‌డ్రా డబ్బు కంపెనీ ఖాతా నుంచి రాదు. ఎవరో కాలేజీ కుర్రాడు నెలకు ఇంతని అద్దెకిచ్చిన ఖాతా నుంచో, ఊరూపేరూ తెలియని దుకాణం పేరు మీది కరెంటు ఖాతా నుంచో వస్తుంది. అదే ఖాతాలోకి ఎక్కడో ఇంకో రాష్ట్రంలో సైబర్ మోసానికి గురైన మనిషి డబ్బూ చేరి ఉండొచ్చు. ఆ మనిషి ఫిర్యాదు చేస్తే పోలీసులు డబ్బు పోయిన దారినల్లా వెతుకుతూ వచ్చి, గెలిచినవాడి ఖాతాను కూడా ఆపేయిస్తారు. మిర్యాలగూడలో వడ్ల సీజన్లో కమీషన్ దుకాణం ఖాతా అలా ఆగితే రైతులకిచ్చిన చెక్కులు చెల్లవు, హమాలీ కూలీ ఇవ్వడానికి డబ్బుండదు. ఎక్కడో దూరాన ఉన్న పోలీస్ స్టేషన్‌తో ఉత్తరాలు నడపాలి. గెలిచిన నాలుగు వేలు ఎలా వచ్చాయో వాళ్లకు చెప్పాలి. ఖాతా అద్దెకిచ్చిన కుర్రాడి గతి ఇంకా ఘోరం. కేసు పుస్తకంలో మొదట ఎక్కేది అతని పేరే.

అన్నీ సవ్యంగా నడిచి, ప్రతి పైసా ఇచ్చే సైటు దొరికిందనే అనుకుందాం. టాస్ మీద పందెం తీసుకుంటే రెండు వైపులా రూపాయికి 1.90 ఇస్తుంది, న్యాయమైన ధర 2.00 కావాలి. అంటే సగటున వందకు ఐదు రూపాయలు సైటుకు పోతాయి. చిన్న కమీషన్‌లా అనిపించేది ఇక్కడే. పదివేలు పెట్టుకున్నవాడు ఒక్కసారి పందెం కట్టి ఊరుకోడు. గెలిచింది తిరిగి పెడుతూ ఇరవైసార్లు తిప్పితే రెండు లక్షల పందెం అవుతుంది, దాని మీద ఐదు శాతం అంటే ఆ పదివేలూ అయిపోయినట్టే. బోనసు లెక్కా ఇంతే. ఐదు వేలు వేస్తే ఐదు వేలు అదనం, కానీ మొత్తం పదివేలను పదిసార్లు తిప్పాకే తీసుకోవాలంటారు. లక్ష తిప్పితే సగటున పోయేది ఐదు వేలు, అంటే ఇచ్చిన బోనసు మొత్తం. సైటు మోసం చేయకపోయినా లెక్క ఇది.

ఇప్పటికే డబ్బు ఇరుక్కున్నవాళ్లకు కొన్ని మాటలు. విత్‌డ్రా ఇవ్వాలంటే ముందు టాక్స్ కట్టండి, జీఎస్టీ కట్టండి, ఖాతా తెరవడానికి ఫీజు కట్టండి అని ఎవరడిగినా ఒక్క రూపాయి వేయొద్దు. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం పన్నును నడిపేవాడే కోసుకుని మిగతాది ఇవ్వాలి. డబ్బు గెలిచినవాడిని తన జేబులోంచి ముందుగా కట్టమనే పద్ధతి మన పన్నుల చట్టంలో లేదు. అలా అడిగారంటే ఆ తెర మీది అంకె వెనక డబ్బు లేనట్టే లెక్క. వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు ఫోన్‌లో ఎక్కించి ఉంటే దాన్ని తీసేసి, ఎస్ఎంఎస్ అనుమతులు ఎవరికి ఇచ్చారో చూసుకోవాలి, యూపీఐ పిన్ మార్చాలి. చాట్లు చెరపొద్దు. క్యూఆర్ కోడ్, ఖాతా నంబర్లు, లావాదేవీల యూటీఆర్ నంబర్లు దాచి 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఖాతాలు మారకముందే ఆగే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర చట్టం ఆడినవాడికి శిక్ష పెట్టలేదు, అతన్ని బాధితుడిగానే చూసింది. రాష్ట్ర చట్టంలో ఆడేవాళ్ల మీదా కేసుకు వీలుంది కాబట్టి, పెద్ద మొత్తమైతే ముందు ఒక న్యాయవాదితో మాట్లాడి వెళ్లడం మంచిది.

ఇంట్లోవాళ్లకు ఇంకొక మాట. అప్పు బయటపడ్డ రోజు కొట్టడం, తిట్టడం వల్ల కుర్రాడు మిగతా అప్పులు దాచేస్తాడు. చేబదులు, లోన్ యాప్‌లు, కుదువపెట్టిన బంగారం అన్నీ ఒక కాగితం మీద రాయించాలి. నగదు అతని చేతికివ్వకుండా అప్పులవాళ్లకు నేరుగా కట్టాలి. పోయింది మళ్లీ ఆడి రాబడతానని అంటే అప్పు ఇంకా పెరిగే దశలో ఉన్నాడని అర్థం. నిద్ర పట్టక, బతకడం దండగ అన్న మాటలు మాట్లాడుతుంటే ఒంటరిగా వదలొద్దు. 14416 టెలి మానస్ నంబరుకు రాత్రి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేం కట్టక్కర్లేదు.